వెలుగే ఉలి: పడమటి మెట్టసీమకొక విన్నపము

ఫిబ్రవరి 28వ తేది మన దేశమున జాతీయ విజ్ఞాన దినముగా జరుపబడుచున్నది. 1928వ సంవత్సరమున ఆ దినముననే చంద్రశేఖర వేంకట రామను గారు, కాంతి పదార్థముపై బడి చెదరునపుడు అందు కొంత తన వర్ణమును మార్చుకొనునని కలకత్తాలో కనుగొనిరి. మదనపల్లె వాసులకు ఆ తేది మఱియొక విధమునను స్మరణీయము. 1919వ సంవత్సరమున అదే దినమున రవీంద్రనాథ ఠాకూరు గారు మదనపల్లెలో విడిదిచేసియుండి, తమ ‘జనగణమన’ గీతమునకు ఆంగ్లానువాదము వ్రాసిరి. కుప్పము సీమను ఆనుకొనియున్న కోలారు బంగారు గనులు మూతపడినదియు 2001వ సంవత్సరమున ఆ తేదినే. మొదటిది విజయదినము, రెండవది గౌరవదినము, మూడవది నష్టదినము. ఈ మూడింటిని ఒక్కచో తలచుకొనినప్పుడు మాకు తోచిన ఆలోచనను పాఠకమహాశయుల యెదుట నుంచుచున్నాము.

కోలారు బంగారపు పొర కర్ణాటకపు సరిహద్దుతో ఆగిపోలేదు. అది దక్షిణముగా సాగి కుప్పము ప్రాంతమున చిగురుగుంట, బిసానత్తములవఱకు వచ్చినది. ఆ గనులలో మనవారు దిగిరి, మనవారు త్రవ్విరి, మనవారి ఊపిరితిత్తులలో దుమ్ము నిండినది. బంగారము మాత్రము కడ్డీలై తరలిపోయినది. కుప్పము గ్రానైటు కథయు నిట్టిదే. రాతిని దిమ్మెలుగా కోసి పంపుచున్నాము. ముడిసరకును అమ్ముట, చేసిన వస్తువును కొనుట అనునది పరపాలనలో మనకు పట్టిన వ్యాధియని పెద్దలు బోధించిరి. పరపాలన తొలగినది గాని వ్యాధి పూర్తిగ తొలగలేదు. నేటి ముడిసరకు రాయియు బంగారమును మాత్రమే కాదు. మన బిడ్డల బుద్ధి కూడ. మదనపల్లెలోను, కుప్పములోను పట్టము పుచ్చుకొనిన యువకుడు మఱునాడే బెంగుళూరు బండి నెక్కుచున్నాడు.

ఇట్టి స్థితిలో మేము చెప్పదలచినది ఒక్కటే. పదార్థమును నానోరేణువులుగను, పలుచని పొరలుగను మలచు పల్సు లేజరు విద్య ఈ మెట్టసీమ విద్యార్థుల చేతికి రావలెను. పుస్తకములో చదువుటకు గాదు, చేతితో చేయుటకు.

ఆ విద్య యెట్టిదో ముందుగా మనవి చేసెదము. ఒక గాజుపాత్రలో శుద్ధజలము పోసి, అడుగున చిన్న బంగారు రేకు నుంచి, దానిపై కటకము ద్వారా లేజరు కాంతిని కేంద్రీకరింతురు. ఆ కాంతి దీపపు వెలుగువలె ఎడతెగక వచ్చునది గాదు. సెకండునకు పది పర్యాయములు తునకలు తునకలుగా వచ్చును. సెకండును నూఱుకోట్ల భాగములు చేసినచో, అందు పది భాగముల కాలమే ఒక్కొక్క తునక నిలుచును. ఆ తునకలోని శక్తి ఒక జౌలులో పదవవంతు అనుకొందము. నూఱు వాట్ల విద్యుద్దీపము సెకండులో వేయవవంతు కాలమున ఖర్చుచేయు శక్తి యంతమాత్రమే. కాని ఆ అల్పశక్తి యంతయు ఆ లిప్తకాలమున ఒక్కుమ్మడిగ వెలువడుటచేత దాని ఉద్ధృతి కోటి వాట్లగుచున్నది. చినుకు చినుకుగా కురిసిన వాన నేలలో ఇంకును. అదే నీరు కట్ట తెగి ఒక్కసారిగ వచ్చినచో బండలను దొర్లించును గదా!

అంతటి ఉద్ధృతి సూదిమొనయంత చోటున బడగా, వేడిమి ప్రక్కలకు ప్రాకుటకు వ్యవధి యుండదు. తాకిన చోట లోహము కొన్ని వేల డిగ్రీల వేడితో ఆవిరియై, విద్యుద్వంతమైన జ్వాలగా లేచును. చుట్టునున్న నీరు ఆ జ్వాలను అదిమిపట్టును. ఒక బుడగ పుట్టి, పొంగి, క్షణములో వేయవవంతైనను గడువకముందే కూలిపోవును. ఆ పుట్టుక, ఆ పతనముల నడుమ చల్లారిన లోహపు ఆవిరి కంటి కగపడని రేణువులై నీటిలో మిగులును. కొన్ని నిమిషములకు తెల్లని నీరు కెంపువన్నెకు తిరుగును. పసుపుపచ్చని బంగారమునుండి యీ యెఱ్ఱదన మెట్లు వచ్చినదన్నచో, అంతటి చిన్న రేణువులోని ఎలక్ట్రానులు ఆకుపచ్చని కాంతితో ఒక్కలయగ ఊగి దానిని మ్రింగివేయును. మిగిలిన ఎఱుపు మన కంటికి చేరును. బంగారమునకు బదులు వెండి రేకు నుంచినచో నీరు పసుపువన్నె దాల్చును. వస్తువు మారలేదు, పరిమాణము మారినది, దానితో గుణమే మారినది. ఈ విద్యలోని రహస్యమంతయు నిందే కలదు.

ఒక చిన్న లెక్కను గమనింపుడు. ఒక గ్రాము బంగారమును ఘనముగ చేసినచో దాని ఆరు ముఖముల వైశాల్యము ఒక చదరపు సెంటీమీటరైనను ఉండదు. ఆ గ్రామునే పది నానోమీటర్ల రేణువులుగా చేసినచో ఉపరితలము సుమారు 31 చదరపు మీటర్లగును. అనగా ఒక పెద్ద గది నేలకు సరిపోవును. రసాయనక్రియ జరుగునది ఉపరితలమునందే గాన, చిన్నదైనకొలది వస్తువు చుఱుకగును. నానో అనగా గ్రీకు భాషలో మరుగుజ్జు. మరుగుజ్జుల విలువ పుంగనూరు వారికి మేము చెప్పవలెనా? సుమారు మూడడుగుల ఎత్తు మాత్రమే గల పుంగనూరు ఆవు చిక్కని పాలకు దేశమంతట పేరుగాంచినది. ఆకారమును చూచి విలువ కట్టరాదని ఆ సీమ రైతు శాస్త్రజ్ఞునికంటె ముందే యెఱిగెను.

ఇక పలుచని పొరల మాట. నీటికి బదులు గాలి తీసివేసిన గదిలో ఈ పనియే చేసినచో, లేచిన జ్వాల ఎదుట నుంచిన పలకపై బడి గడ్డకట్టి, వెండ్రుక మందములో వేయవవంతైనను ఉండని పొరగా నిలుచును. ఉప్పునీటిని కాచినచో నీరు ముందు పోవును, ఉప్పు అడుగున మిగులును. సాధారణముగ వేడిచేసి ఆవిరి పట్టునప్పుడు మిశ్రమ పదార్థములకు కలుగు చిక్కు ఇదియే. అందలి యొక్కొక్క మూలకము ఒక్కొక్క వేగమున లేచును. లేజరు తునక తగిలినప్పుడు ఆ తారతమ్యమునకు వ్యవధి లేదు. అన్నియు తమ పాళ్ల ప్రకారమే లేచి, సరియైన పరిస్థితులలో ఆ పాళ్ల ప్రకారమే పలకపై కూర్చుండును. 1960వ సంవత్సరమున మైమను అను శాస్త్రజ్ఞుడు కెంపుకడ్డీతో తొలి లేజరును వెలిగించెను. 1965 నాటికే స్మిత్తు, టర్నరు అనువారు ఆ కాంతితో పొరలు వేసి చూపిరి. అయినను ఇరువది సంవత్సరములు ఈ పద్ధతి మూలబడి యుండెను. 1987లో అమెరికాలోని బెల్ కమ్యూనికేషన్సు పరిశోధనాలయమున మన దేశీయుడగు తిరుమలై వెంకటేశను గారు, వారి సహచరులు, ఇట్రియము, బేరియము, రాగి, ఆమ్లజనుల మిశ్రమమునుండి విద్యుత్తును అవరోధము లేక ప్రవహింపజేయు అతివాహక పొరను ఈ పద్ధతితో రూపొందింపగా, లోకము దీనివైపు తిరిగి చూచినది.

ఆ 1987లోనే, మన గడ్డమీద, పూనా విశ్వవిద్యాలయపు భౌతికశాస్త్రజ్ఞులు నీటిలో మునిగియున్న ఇనుముపై లేజరు తునకలను ప్రయోగించి అపూర్వమైన ఆక్సైడు పొరను పొందిరి. ద్రవములో లేజరు ప్రయోగమునకు నాంది వాచకముగ నేడు విదేశ విద్వాంసులు ఉదహరించునది ఆ పూనా వ్యాసమునే. ఈ సంగతి మన కళాశాలలలో ఎందఱికి తెలియును? పరదేశమునుండి దిగుమతియైన విద్యయని మనము భయభక్తులతో చూచుచున్న దానికి మన యింటనే పురిటిగది యొకటి కలదు.

తెలుగునాటను ఈ కృషి లేకపోలేదు. హైదరాబాదు విశ్వవిద్యాలయమున, రక్షణశాఖవారి సాహాయ్యముతో వెలసిన అధికశక్తి పదార్థముల పరిశోధన కేంద్రమునందు ఆచార్య సోమ వేణుగోపాలరావు గారు, వారి శిష్యులు, సెకండును పదికోట్ల కోట్ల భాగములు చేసి అందు కొన్ని పదుల భాగముల కాలమే నిలుచు లేజరు తునకలతో వెండి, రాగి, బంగారములను ద్రవములలో చెక్కుచున్నారు. అట్లు చెక్కిన లోహతలముపై ఏ పదార్థపు అణువులైన వ్రాలినచో, రామను గారు కనుగొనిన ఆ చెదరిన కాంతి లక్షల రెట్లు ఇనుమడించును. దానిని బట్టి ప్రేలుడు మందుల లేశమాత్రమును, పైరునకు వాడు థైరాము వంటి శిలీంధ్రనాశినుల జాడను వారు పట్టుకొనుచున్నారు. 1928 నాటి కలకత్తా వెలుగు ఈనాడు హైదరాబాదు ప్రయోగశాలలో కావలివాని చేతి దివిటీ యైనది. తిరుపతిలో, 1954లో స్థాపితమైన శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయపు భౌతికశాస్త్ర శాఖవారు పారిసు విద్వాంసులతో కలసి వెనేడియము ఆక్సైడు, లిథియము కోబాల్టు ఆక్సైడు పొరలను ఈ పద్ధతిని రూపొందించి పరిశీలించిరి. బొత్తామంత బ్యాటరీకి కావలసిన పొరలివి. బెంగుళూరు విజ్ఞానమందిరమునను ఈ పనికి దీర్ఘమైన చరిత్ర కలదు.

హైదరాబాదున కలదు, తిరుపతిన కలదు, బెంగుళూరున కలదు. ఆ మూడింటి నడుమనున్న మదనపల్లెకు, పుంగనూరుకు, కుప్పమునకు వచ్చునప్పటికి ఏమి కలదు? భవనములు కలవు. మదనపల్లెలో 1915లో వెలసిన బెసెంటు దివ్యజ్ఞాన కళాశాల కలదు. 1998లో స్థాపితమైన సాంకేతిక విద్యాసంస్థ కలదు. కుప్పమున 1997 నాటి ద్రావిడ విశ్వవిద్యాలయము, ఇంజనీరింగు కళాశాల, వైద్యకళాశాల కలవు. పుంగనూరున డిగ్రీ కళాశాల కలదు. చదువుకొను బిడ్డలు వేలకొలది కలరు. ప్రశ్నపత్రమున లేజరును గూర్చి పది మార్కుల ప్రశ్నయు కలదు. లేనిది చేతి యలవాటు. పరికరము అద్దాల బీరువాలో నుండి పరీక్షాధికారి వచ్చు దినమున మాత్రము బయటికి వచ్చుటను, విద్యార్థి పాత పుస్తకములోని అంకెలను క్రొత్త పుస్తకములోనికి ఎక్కించుటను మేము మా విద్యార్థి దశలో ఒక చోట కన్నులార చూచితిమి. అంకె సరిపోయినదని సంతకము పడినది. ఆ సంతకమునకు మూల్యము చెల్లించుచున్నది దేశము.

మారుమూల పట్టణములలో ఉన్నత పరిశోధన సాధ్యమా యని శంకించువారికి మదనపల్లెయే ప్రత్యుత్తరము. ఆ యూరి ప్రక్కనున్న ఆరోగ్యవరము క్షయవైద్యశాల రోగులకు మందిచ్చి ఊరకుండలేదు. 1948లో బి.సి.జి. టీకా మన దేశమున ఆరంభమైనప్పుడు తొలి తావులలో మదనపల్లె యొకటి. ఆ చుట్టుపట్ల పల్లెలలో టీకా ప్రభావమును సంవత్సరముల తరబడి పరిశీలించి ఫ్రిమోట్ మోలరు ప్రభృతులు 1964లో ప్రకటించిన ఫలితములు ప్రపంచ ఆరోగ్యసంస్థ పత్రికకెక్కినవి. గడపగడపకు తిరిగి, పేరు వ్రాసికొని, ఓర్పుతో లెక్కకట్టిన పని యది. మహానగరము లేనిచోటను మహాకార్యము జరుగునని ఆ కొండగాలి సాక్ష్యము చెప్పుచున్నది.

కావున మా విన్నపము. ఒక్కొక్క కళాశాల ఒక్కొక్క లేజరును కొనవలెనని మేము కోరుట లేదు. దాని ధర పలు లక్షల రూపాయలు. కొని మూలబెట్టుటకంటె పాపము లేదు. మూడు పట్టణముల విద్యాసంస్థలును కలసి మదనపల్లెలో ఒక్క ఉమ్మడి ప్రయోగశాలను నెలకొల్పుకొనవలెను. నానోసెకండు లేజరొకటి, నీటి వన్నెను కొలుచు వర్ణమాపకమొకటి, వాయురహితమైన చిన్న గది యొకటి ఉన్నచో ఆరంభమునకు చాలును. రేణువులను కంటితో చూపు ఎలక్ట్రాను సూక్ష్మదర్శినికై నమూనాలను తిరుపతికో, బెంగుళూరునకో పంపవచ్చును. పుంగనూరు డిగ్రీ విద్యార్థికిని, పలమనేరు మీదుగా బస్సెక్కి వచ్చు కుప్పము విద్యార్థికిని అందు సమాన హక్కు ఉండవలెను. కుప్పమునందలి ద్రావిడ విశ్వవిద్యాలయము భాషలకై పుట్టినది గాన, ఈ విద్యను తెలుగున బోధించు పాఠ్యగ్రంథమును రచింపించు భారమును అది వహింపవలెను. మాతృభాషలో చెప్పలేని శాస్త్రము మన యింటికి చుట్టముగ వచ్చునే గాని కుటుంబములో చేరదు.

దీనికి ఆక్షేపణ లుండును. మదనపల్లె సంతలో టమాటాకు ధర లేక రైతు బుట్టలను రోడ్డుపై క్రుమ్మరించి పోవుచుండగా లేజరు ముచ్చట దేనికని అడుగువారు కలరు. ఆ ప్రశ్నను మేము త్రోసివేయము. లేజరు రేపు ప్రొద్దుటికి టమాటా ధరను పెంచజాలదు. పెంచునని చెప్పువాని మాట నమ్మకుడు. కాని పండుపై మందు మిగిలినదా లేదా యని సంతలోనే తేల్చగల సాధనము నొకనాడు చేయవలసి వచ్చినచో, అది ఆ సంత ప్రక్కన చదివిన బిడ్డ చేతనే జరుగుట మేలు గాదా? ఎక్కడనో చేసిన సాధనము మనకు అమ్మకమునకు వచ్చును; మన అవసరమును ఎఱిగి రాదు.

ఇంకొక ఆక్షేపణ. ఈ పద్ధతిలో పుట్టు సరకు మిక్కిలి స్వల్పము. సత్యమే. సాధారణ ప్రయోగశాలలో గంటకు కొన్ని మిల్లీగ్రాములు మాత్రమే లభించును. 2016లో జర్మనీవారు 500 వాట్ల మహాలేజరుతో గంటకు నాలుగు గ్రాముల ప్లాటినము రేణువులను తీసి ఘనకార్యముగ ప్రకటించిరి. రసాయన పద్ధతులలో ఇంతకంటె ఎక్కువ సరకు చవుకగ రావచ్చును. అయితే రసాయనముల మడ్డి అంటని శుభ్రమైన రేణువు, ఏ లోహమునకైన ఒక్కటే పనిముట్టు, కడిగిపోయవలసిన విషద్రవము మిక్కిలి తక్కువ — ఇవి ఈ పద్ధతి గుణములు. నేర్చుకొను విద్యార్థికి గంటకు మిల్లీగ్రామే చాలును. అతడు సరకు చేయుటకు రాలేదు. చేయుట నేర్చుటకు వచ్చెను.

జాగ్రత్త మాటయు చెప్పవలెను. ఈ కాంతి కంటికి శత్రువు. అందు ముఖ్యమైన పరారుణ కాంతి కంటికి కనబడనే కనబడదు. తగిలినచో చూపు తిరిగి రాదు. ఎండిన నానోరేణువులు ఊపిరితో లోనికి పోరాదు. కనుక కళ్లద్దములు, తలుపునకు హెచ్చరిక దీపము, శిక్షణ పొందిన బోధకుడు లేనిచోట లేజరు బల్లకు తాళమే మేలు. గనులలో కూలివాని ప్రాణమును లెక్కింపని పాత తప్పును క్రొత్త విద్యలో మరల చేయకుందము గాక.

కోలారు గనిలో బంగారము పూర్తిగ ఇంకిపోయి మూతపడలేదు. త్రవ్వుటకైన ఖర్చు బంగారపు విలువను మించినందున మూతపడినది. నేల లోతునకు పోయినకొలది ఫలము తగ్గినది. పదార్థపు లోతునకు పోయినకొలది ఫలము పెరుగును. ఆ గని ముఖద్వారము చిగురుగుంటలో గాక తరగతిగదిలో కలదు. అందు దిగుటకు మన యువకులు సిద్ధముగనే యున్నారు. ఈ మూడు పట్టణముల కళాశాలాధిపతులు, పురప్రముఖులు, శాసనసభ్యులు ఒక్క బల్లచుట్టు కూర్చుండి యోచింపవలెను. రాబోవు ఫిబ్రవరి 28వ తేదిన ఉపన్యాసములకు, పూలమాలలకు బదులు ఒక గాజుపాత్రలోని తెల్లని నీరు మన బిడ్డల కన్నుల యెదుట, మన బిడ్డల చేతులలో, కెంపువన్నెకు తిరుగుటను మదనపల్లె చూడగలిగినచో, అదియే రామను గారికి మనము చేయు నిజమైన ఉత్సవము.